చట్టం నేర్పేటప్పుడు న్యాయాన్ని వదిలేయకండి: సిలబస్ కమిటీలకు ఒక బెంచ్ క్లర్కు బహిరంగ లేఖ

న్యాయ కళాశాలల అధ్యాపకులకు, పాఠ్యప్రణాళిక కమిటీల సభ్యులకు,

నమస్కారం. నేను ప్రొఫెసర్‌ని కాను, ప్లీడర్‌నీ కాను. ఒక చిన్న ఊరి సివిల్ కోర్టులో 31 ఏళ్లు పనిచేసి బెంచ్ క్లర్కుగా రిటైరయ్యాను. జడ్జిగారి కుర్చీకి కింద, ప్లీడర్ల బల్లకు ఎదురుగా నా సీటు. కేసు పిలిపించడం, వాయిదా తేదీ వేయడం, కట్టలు విప్పడం, మళ్లీ కట్టడం నా పని. తీర్పు విన్నాక కక్షిదారు మొహం ఎలా ఉంటుందో అందరికంటే దగ్గరగా చూసేది ఆ సీటే.

ఈ లేఖ ఎందుకంటే, మా మనవరాలు ఎల్ఎల్‌బీ చదువుతోంది. ఆమె చదివే విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. అక్కడ జ్యూరిస్‌ప్రుడెన్స్ (చట్టం వెనకున్న సిద్ధాంతాల) పేపర్లో ప్రాచీనులు న్యాయం గురించి, చట్టం గురించి ఏమన్నారో చెప్పే యూనిట్‌ను ఈ మధ్య 'సెల్ఫ్ స్టడీ'కి మార్చారు. పరీక్షలో రాదు, క్లాసులో చెప్పరు. పిల్లల చేతుల్లో ఉన్న గైడులో ఆ యూనిట్ మొత్తం ఇది: "ప్లేటో: న్యాయమనగా ఎవరి పని వారు చేయుట. అరిస్టాటిల్: న్యాయము రెండు రకములు." ఇది చూసి మా అమ్మాయి అడిగింది, "తాతయ్యా, రెండు వేల ఏళ్ల కిందటి ఈ ముసలాళ్లు కోర్టులో దేనికి పనికొస్తారు?" అని. దానికి జవాబుగా సంబంధిత కమిటీకి రెండు ఉత్తరాలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు తిరిగొచ్చాయి. జవాబు రాలేదు. అందుకే అందరికీ కనపడేలా రాస్తున్నాను.

ముందు ఒక కథ. గ్రీకు రచయిత జెనోఫన్ పారశీక రాజు సైరస్ చిన్నతనం గురించి చెబుతూ రాసింది. ఒక పెద్ద పిల్లవాడికి పొట్టి చొక్కా ఉంది, ఒక చిన్న పిల్లవాడికి పొడుగు చొక్కా ఉంది. పెద్దవాడు చిన్నవాడి చొక్కా లాక్కుని, తన పొట్టి చొక్కా వాడికి తొడిగాడు. తగవు తీర్చమని సైరస్‌కు అప్పగించారు. ఎవరికి సరిపోయింది వాళ్ల దగ్గర ఉండటమే మంచిదని వాడు తీర్పు చెప్పాడు. గురువు వాడిని కొట్టాడు. "సరిపోయే చొక్కా ఏదని అడిగితే అలా చెప్పాలి. ఇక్కడి తగవు చొక్కా ఎవరిదని. బలవంతంగా లాక్కున్నవాడిదా, కొనుక్కున్నవాడిదా? న్యాయాధికారి చట్టం ప్రకారమే చెప్పాలి" అన్నాడు.

ఈ కథ నేను చాలామంది జూనియర్ ప్లీడర్లకు చెప్పాను. సగం మంది సైరస్‌ది కరెక్ట్ అన్నారు, సగం మంది గురువుది కరెక్ట్ అన్నారు. ఆ పది నిమిషాల్లో వాళ్లు ఆలోచించినంతగా గైడు చదివి ఏ పిల్లాడూ ఆలోచించడు. నా మాట ఒక్కటే. చట్టానికీ న్యాయానికీ మధ్య కొంత ఎడం ఉంది. ఆ ఎడం ఎక్కడుందో, ఎంతుందో ప్రాచీనులు కొలిచి చూశారు. దాన్ని చూడటం నేర్వని వకీలు రెండు రకాలుగా తయారవుతాడు. "చట్టం ఇంతేనమ్మా, వెళ్లిరా" అనేవాడు ఒకడు, చట్టంలోని అక్షరం పట్టుకుని ఎదుటివాడి నెత్తిన చెయ్యి పెట్టేవాడు ఇంకొకడు. ఇద్దరినీ 31 ఏళ్లు చూశాను. దీనివల్ల మామూలు జనానికి జరిగేది ఏమిటో కింద రాస్తున్నాను.

1. కాలదోషం పట్టిన నోటు

ఒక విధవరాలు వరసకు మరిది అయ్యేవాడికి 40,000 రూపాయలు ప్రోనోటు మీద ఇచ్చింది. "పంట రాగానే ఇస్తా వదినా" అంటూ అతను మూడేళ్లు గడిపాడు. ఆమె దావా వేసేసరికి గడువు దాటి 11 రోజులైంది. దావా కొట్టేశారు. కొట్టెయ్యక తప్పదు, జడ్జిగారి చేతిలో ఏమీ లేదు. అప్పీలు ఆలస్యమైతే క్షమించమని అడగొచ్చు గానీ దావా ఆలస్యమైతే ఆ దారి కూడా లేదు. ఆమె బయటికొచ్చి నన్ను అడిగింది.

"నోటు అబద్ధమా బాబూ?"

"కాదమ్మా."

"సంతకం అతనిది కాదన్నారా?"

"అతనిదే అన్నారు."

"మరి?"

ఆ 'మరి'కి నా దగ్గర జవాబు లేదు. ఆమె ప్లీడరు దగ్గర ఉండాల్సింది. కాలపరిమితి అన్నది తెల్లవాళ్లు తెచ్చిన పితలాటకం ఏమీ కాదు. ప్రాచీన ఏథెన్స్‌లోనే చాలా దావాలకు 5 ఏళ్ల గడువు ఉండేది. ప్లేటో తన చివరి గ్రంథం 'లాస్' (అంటే 'చట్టాలు')లో వస్తువుల తగాదాలకు గడువులు వేరువేరుగా పెట్టాడు. ఊళ్లో అందరి ఎదుటా వాడుకుంటున్న వస్తువు మీద ఏడాది దాటితే ఎవరూ హక్కు అడగకూడదు, పల్లెలో గుట్టుగా దాచుకున్నదైతే 10 ఏళ్లు. చూడండి, దాచినవాడికి ఎక్కువ గడువు. అంటే గడువు పెట్టేటప్పుడే న్యాయం గురించి ఆలోచించాడన్నమాట. సాక్షులు చనిపోతారు, కాగితాలు పోతాయి, పాత తగాదాలు తవ్వుతూ పోతే ఊరు ఊరుగా ఉండదు. గడువు వెనక ఉన్న కారణం ఇది. ఇది తెలిసిన ప్లీడరు ఆమెకు రెండు మాటలు చెప్పేవాడు. గడువు లోపలే అతనితో కొంత కట్టించి, నోటు వెనక చెల్లు రాయించుకుని ఉంటే లెక్క మళ్లీ మొదటి నుంచి నడిచేది. అది జరగలేదు సరే, ఇప్పుడైనా పోయింది కోర్టులో దావా వేసే దారే, అప్పు కాదు. పెద్దమనుషుల్లో పెట్టి, పాత బాకీ తీరుస్తానని అతని చేత కొత్తగా రాయించుకుంటే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఆ కాగితం చెల్లుతుంది. ఈ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. చట్టం ఎక్కడ ఆగుతుందో చెప్పారు గానీ, ఆగిన తర్వాత కూడా న్యాయానికి దారి ఉందని చెప్పలేదు.

2. ఉంగరం కేసు

అరిస్టాటిల్ 'రెటరిక్'లో ఒక ఉదాహరణ ఇస్తాడు. ఇనుముతో ఎవరినైనా గాయపరిస్తే శిక్ష అని చట్టం ఉందనుకోండి. ఎంత పొడవు ఇనుము, ఎలాంటి ఇనుము అని చట్టం రాస్తూ కూర్చోలేదు, జీవితకాలం చాలదు. ఇప్పుడు ఒకడు వేలికి ఉంగరం పెట్టుకుని చెయ్యి ఎత్తాడు, లేదా కొట్టాడు. రాసి ఉన్న చట్టం ప్రకారం వాడు ఆ నేరం చేసినవాడే. నిజానికి కాదు. ఈ తేడాను సరిదిద్దే గుణానికి ఆయన పెట్టిన పేరు 'ఎపియైకేయా'. మన మాటల్లో సమదృష్టి అనో ఔచిత్యం అనో అనుకోవచ్చు. గైడుల్లో 'ఈక్విటీ' అని ఒక ముక్క ఉంటుంది, అది ఇంగ్లండులో ఈక్విటీ కేసులు చూసిన చాన్సరీ కోర్టుల కథతో మొదలవుతుంది. అసలు ఆలోచన అంతకు వెయ్యేళ్లకు పైగా ముందుది.

'నికోమాకియన్ ఎథిక్స్' ఐదో పుస్తకంలో ఆయన దీన్ని ఇంకా బాగా చెప్పాడు. లెస్బోస్ ద్వీపంలో తాపీ మేస్త్రీలు సీసంతో చేసిన కొలబద్ద వాడేవారట. అది గట్టిగా నిలబడదు, రాయి ఆకారాన్ని బట్టి వంగుతుంది. మొత్తం జనానికి ఒకే మాటలో చెప్పాల్సిన చట్టం కొన్ని చోట్ల తప్పక తప్పుతుంది. ఆ తప్పు చట్టానిది కాదు, చట్టం చేసినవాడిదీ కాదు, జరిగే పనుల స్వభావమే అలాంటిది అంటాడు. ఆ చట్టం చేసినవాడే ఇక్కడ ఉండి ఉంటే ఏమనేవాడో అలా చూడమంటాడు.

ఇక్కడ నాకొక అనుమానం ఉంది, దాచుకోను. వంగే కొలబద్ద లంచగొండి చేతిలో పడితే? అరిస్టాటిల్‌కూ ఆ భయం ఉంది. 'రెటరిక్' మొదట్లోనే ఆయన వీలైనంత వరకు అన్నీ చట్టంలోనే రాసేయాలి, తీర్పరి చేతికి తక్కువ వదలాలి అంటాడు. చట్టం కోరికలు లేని బుద్ధి అని 'పాలిటిక్స్'లో వస్తుంది. ఒకే మనిషి రెండు మాటలూ అన్నాడు. ఈ రెంటి మధ్య పిల్లలను నలగనివ్వండి. వాళ్లు రేపు కోర్టులో రోజూ నలిగేది ఇక్కడే. 'న్యాయం రెండు రకములు' అని రాస్తే 5 మార్కులొస్తాయి, అంతకు మించి ఏమీ రాదు.

3. అక్షరాన్ని పట్టుకున్న తెలివి

శత్రువుతో 30 రోజుల సంధి చేసుకున్న ఒక సేనాపతి రాత్రిళ్లు దాడి చేసి పొలాలు నాశనం చేశాడట. సంధి రాసుకున్నది 'రోజులకు', రాత్రులకు కాదని వాదించాడు. రోమన్ వకీలు సిసిరో క్రీ.పూ. 44లో కొడుక్కి రాసిన గ్రంథంలో ఈ సంగతి చెప్పి, చట్టం మరీ ముదిరితే అన్యాయం కూడా ముదురుతుందన్న సామెత గుర్తుచేస్తాడు. ఆయన నాటికే అది అరిగిపోయిన సామెత.

మా కోర్టులో ఇలాంటి సేనాపతులు చాలామంది. సమన్లలో ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడితే "ఆ పేరు గలవాడు మా ఇంట్లో లేడు" అని అమీనాను తిప్పి పంపినవాళ్లు, ఇంజంక్షన్ ఆర్డర్లో 'గోడ కట్టరాదు' అని ఉంటే రాత్రికి రాత్రి కంచె వేసినవాళ్లు. వాళ్ల వెనక ఒక చదువుకున్న సలహా ఉంటుంది. తిట్టడానికి అనడం లేదు, ఆ సలహా ఇచ్చిన కుర్రాళ్లు మంచివాళ్లే. వాళ్లకు కాలేజీలో సిసిరోను ఎవరూ పరిచయం చేయలేదు. ఇలాంటి తెలివికి రెండు వేల ఏళ్ల కిందటే ఛీ అన్నారని తెలిస్తే, కనీసం కొందరికి సిగ్గేసేది.

4. "చట్టం ఉన్నోడికి చుట్టం"

ఈ మాట కోర్టు వరండాలో రోజూ వింటాం. ప్లేటో 'రిపబ్లిక్' మొదటి పుస్తకంలో సోక్రటీస్‌తో వాదనకు దిగిన త్రాసిమాకస్ అన్నది అచ్చంగా ఇదే. న్యాయమంటే బలవంతుడి లాభం, ఏ ప్రభుత్వమైనా తనకు మేలయ్యేట్టు చట్టాలు చేసి దాన్నే న్యాయం అంటుంది అని. సోక్రటీస్ ఎదురు అడుగుతాడు: పాలకులు పొరపాటున తమకు నష్టమయ్యే చట్టం చేస్తే? దాన్ని పాటించడం న్యాయమా, కాదా? వైద్యుడు వైద్యుడిగా చూసేది రోగి మేలు కదా, పాలకుడు పాలకుడిగా చూడాల్సింది ఎవరి మేలు? త్రాసిమాకస్ నోరు మూతపడుతుంది గానీ మనసు మారదు. రెండో పుస్తకంలో గ్లాకాన్ లేచి, ఈ జవాబు నాకు చాలలేదు అంటాడు. వేలికి పెట్టుకుని రాయిని లోపలికి తిప్పితే మనిషి కనపడకుండా పోయే గైజీస్ ఉంగరం కథ చెప్పి, ఎవరూ చూడకపోతే ఎవడు న్యాయంగా ఉంటాడు అని నిలదీస్తాడు. సీసీ కెమెరా లేని చోట హెల్మెట్ తీసేసే మనకు ఆ ప్రశ్న కొత్తది కాదు.

వరండాలో కూర్చున్న మనిషి చేసే ఆరోపణను ప్లేటో దాచిపెట్టలేదు, పుస్తకం మొదట్లోనే పెట్టి మిగతా తొమ్మిది పుస్తకాలూ దానికి జవాబు వెతికాడు. మీ విద్యార్థి మాత్రం ఆ మాట విని నవ్వి వెళ్లిపోతాడు.

5. పొలం గట్టు, అన్నదమ్ములు

క్రీ.పూ. 700 ప్రాంతంలో గ్రీసులోని అస్క్రా అనే పల్లెలో హెసియడ్ అనే రైతు కవి ఉండేవాడు. తండ్రి ఆస్తి పంపకంలో తోడబుట్టిన పెర్సెస్ పెద్దలకు కానుకలిచ్చి ఎక్కువ వాటా కొట్టేశాడని ఆయన బాధ. తీర్పు చెప్పినవాళ్లను 'కానుకలు మింగే రాజులు' అన్నాడు. సగం మొత్తం కంటే ఎంత ఎక్కువో ఈ మూర్ఖులకు తెలియదు అన్నాడు. డేగ గోళ్లలో చిక్కిన కోకిల లాంటి పాటపిట్ట కథ చెప్పి, చేపలూ మృగాలూ ఒకదాన్నొకటి తింటాయి, మనుషులకు మాత్రం దేవుడు న్యాయాన్ని ఇచ్చాడు అన్నాడు. అప్పటికి గ్రీసులో రాసిపెట్టిన చట్టం లేదు. ఉన్నదల్లా పెద్దల నోటి తీర్పు. ఏథెన్స్‌లో డ్రాకో చట్టాలు రాసింది క్రీ.పూ. 621 ప్రాంతంలో, సొలోన్ వాటిని తిరగరాసింది 594 ప్రాంతంలో. చట్టం రాతలోకి రావడమే పేదవాడికి మొదటి న్యాయం. సొలోన్ అప్పు కోసం మనిషినే తాకట్టు పెట్టడాన్ని రద్దు చేశాడు. అన్యాయం జరిగినవాడి తరఫున ఊళ్లో ఎవరైనా కేసు వేయవచ్చన్నాడు. మన ప్రజాప్రయోజన వ్యాజ్యం చెప్పేటప్పుడు ఈ సొలోన్‌ను ఒక్క వాక్యంలోనైనా తలుచుకుంటారా? పార్టిషన్ (ఆస్తి పంపకం) దావాల్లో 20 ఏళ్లు తిరిగి, చివరికి పొలం కంటే ఖర్చు ఎక్కువైన అన్నదమ్ములను ఎందరినో చూశాను. 'సగం మొత్తం కంటే ఎక్కువ' అన్న మాట ముందే వాళ్లకు చెప్పగలిగే ప్లీడరు కావాలి.

6. ఒక రోజు విచారణ

సోక్రటీస్‌కు క్రీ.పూ. 399లో సుమారు 500 మంది జ్యూరీ ఒక్క రోజులో మరణశిక్ష వేసింది. 30 ఓట్లు అటు పడి ఉంటే బయటపడేవాణ్ని అని ఆయనే అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని ఎవరూ పట్టించుకోరు: వేరే చోట్ల ఉన్నట్టు, ప్రాణం మీదికొచ్చే కేసును ఒక్క రోజులో కాక చాలా రోజులు విచారించాలన్న చట్టం మీకూ ఉంటే మిమ్మల్ని ఒప్పించేవాణ్ని. (మన దగ్గర దీనికి పూర్తిగా వ్యతిరేక రోగం. ఆయన మన కోర్టుల్లో ఉంటే తీర్పుకు ముందే వయసు మీద పడి పోయేవాడు.)

ఆయన కథలో మూడు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చెప్పండి, చాలు. క్రీ.పూ. 406లో ఆర్గినూసె నౌకాయుద్ధం గెలిచిన సేనానులు తుపాను వల్ల మునిగిపోతున్న నావికులను కాపాడలేకపోయారు. జనం ఆవేశంగా ఎనిమిది మందికీ కలిపి ఒకే ఓటుతో శిక్ష వేయాలన్నారు. ఒక్కొక్కరినీ విడిగా విచారించాలన్నది చట్టం. జనం తలుచుకున్నది చేయనివ్వకపోవడమేమిటని సభలో అరిచారు. ఆ రోజు సభ నడిపే బృందంలో ఉన్న సోక్రటీస్ ఒప్పుకోలేదు. అయినా ఓటు జరిగింది, చేతికి దొరికిన ఆరుగురినీ చంపేశారు, తర్వాత ఏడ్చారు. రెండోది: క్రీ.పూ. 404లో అధికారం పట్టిన ముప్ఫై మంది నియంతలు, సలామిస్ ద్వీపానికి వెళ్లి లియాన్ అనే మనిషిని చంపడానికి పట్టుకురమ్మని ఐదుగురిని పంపారు. నలుగురు వెళ్లారు, సోక్రటీస్ ఇంటికి వెళ్లిపోయాడు. మూడోది: తన మీద తప్పుడు తీర్పు వచ్చాక, పారిపోదాం రమ్మని మిత్రుడు క్రిటో డబ్బుతో వస్తే, వెళ్లను అన్నాడు. చట్టాలే ఎదురుగా నిలబడి తనతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుంటాడు. తీర్పులకు విలువ లేని ఊరు నిలబడుతుందా? డెబ్బై ఏళ్లు ఈ ఊళ్లోనే ఉన్నావు, నచ్చకపోతే వెళ్లిపోవచ్చు కదా, మమ్మల్ని ఒప్పించు, లేదా మా మాట విను. చివర్లో ఆ చట్టాలే అంటాయి, నీకు అన్యాయం చేసింది మేం కాదు, మనుషులు అని.

జనం మాట వినలేదు, నియంత మాట వినలేదు, చట్టం మాట విన్నాడు. మరి జ్యూరీ 'తత్వం మానేస్తే వదిలేస్తాం' అంటే మాత్రం మానను, దేవుడి మాటే వింటాను అన్నాడు. ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసుగుతాయా? పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మా మనవరాలికి ఇది చెప్పిన రోజు రాత్రి 11 దాకా వాదించింది. అలాంటి ఒక రాత్రి ప్రతి విద్యార్థికీ దొరకాలి. కేసు ఓడిన కక్షిదారు "కోర్టులన్నీ ఇంతే" అని లేచిపోతుంటే, తప్పు మనుషులదా చట్టానిదా అని విడదీసి చెప్పగలిగే వకీలు అప్పుడే తయారవుతాడు.

7. వాళ్ల తప్పులు కూడా చెప్పండి

ప్రాచీనులను దేవుళ్లను చేసి పూజ చేయమని అడగడం లేదు. ఏథెన్స్ కోర్టులో బానిస సాక్ష్యం చెల్లాలంటే వాణ్ని హింసించి చెప్పించాలి. ఆడవాళ్లు తమ కేసు తాము వాదించుకోలేరు, మగదిక్కు మాట్లాడాలి. కొందరు పుట్టుకతోనే బానిసలు అని అరిస్టాటిల్ రాశాడు. ప్లేటో 'ఎవరి పని వారు చేయడమే న్యాయం' అన్న సూత్రం వింటే, కులం పేరుతో అదే మాట విన్న మన దేశంలో ఒళ్లు మండాలి, మండనివ్వండి. అదే సమయంలో, బానిసత్వం చట్టం సృష్టే, ప్రకృతిలో లేదు అనేవాళ్లు కూడా ఉన్నారని అరిస్టాటిలే రాశాడు. దేవుడు అందరినీ స్వేచ్ఛగా వదిలాడు, ప్రకృతి ఎవరినీ బానిసను చేయలేదు అని అల్కిడమస్ అనే గ్రీకు వక్త అన్నాడు. చట్టంలో ఉన్నంత మాత్రాన న్యాయం కాదని మొదట గట్టిగా తెలిసేది ఇలాంటి చోటే. మన మితాక్షర (పాత హిందూ ధర్మశాస్త్ర వ్యాఖ్య) ప్రకారం నడిచే ఉమ్మడి కుటుంబంలో కూతురికి పుట్టుకతో వాటా లేదన్నది శతాబ్దాల పాటు చట్టమే. 1986లో ఆంధ్రప్రదేశ్ సవరణ, 2005లో కేంద్ర సవరణ వచ్చేదాకా దాన్ని 'న్యాయం' అనే పిలిచాం.

8. ఇద్దరు వైద్యులు

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చివర పెట్టుకున్నాను. 'లాస్'లో ప్లేటో ఇద్దరు వైద్యుల సంగతి చెబుతాడు. బానిసలను చూసే వైద్యుడు రోగిని ఏమీ అడగడు, ఏమీ చెప్పడు. మందు ఆర్డర్ వేసి పక్క మంచానికి పోతాడు. స్వతంత్రులను చూసే వైద్యుడు రోగితో, ఇంట్లోవాళ్లతో మాట్లాడతాడు, రోగం ఎక్కడ మొదలైందో తెలుసుకుంటాడు, రోగి ఒప్పుకునేదాకా మందు ఇవ్వడు. చట్టం రెండో వైద్యుడిలా ఉండాలి, ప్రతి చట్టానికీ ముందు ఎందుకో చెప్పే పీఠిక ఉండాలి అంటాడు. మన రాజ్యాంగ పీఠికలో మొదట వచ్చే లక్ష్యం న్యాయం, తర్వాతే స్వేచ్ఛ. పిల్లలు దాన్ని బట్టీ పడతారు, చట్టానికి పీఠిక ఎందుకన్నది మాత్రం అడగరు.

31 ఏళ్లలో నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న "ఏమైంది బాబూ?" అన్నది. కేసు తనదే, ప్లీడరు తనవాడే, మాట్లాడింది తన పొలం గురించే. అయినా ఇంగ్లీషులో ఏమనుకున్నారో తెలియక, బెంచ్ క్లర్కును అడిగేవారు. "వాయిదా పడిందమ్మా" అనడానికి నేను చాలు. "నీ ఐఏ (కేసు మధ్యలో వేసే అర్జీ) డిస్మిస్ అయింది, ఎందుకంటే..." అని చెప్పాల్సిన ప్లీడరు అప్పటికే పక్క కోర్టు హాలుకు పరిగెత్తేవాడు. ఎందరో మంచి ప్లీడర్లు మొదటి వైద్యుడిలా బతికేశారు, ఎవరూ వాళ్లకు రెండో వైద్యుణ్ని చూపించలేదు కాబట్టి.

తెలుగులో చెబితే చట్టం పలచబడుతుందన్న భయం వద్దు. 13వ శతాబ్దంలోనే, తిక్కన కాలపు కేతన మితాక్షరను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషకు ఇంకో సంగతి కూడా ఉంది. కోర్టును న్యాయస్థానం అంటాం, జడ్జిని న్యాయమూర్తి, వకీలును న్యాయవాది అంటాం. ఒక్క పేరులోనూ చట్టం లేదు. గ్రీకులూ అంతే, వాళ్ల కోర్టుకూ తీర్పరికీ పేర్లు న్యాయం అనే అర్థమున్న 'దికే' నుంచే వచ్చాయి. జనం ఆ పేరు నమ్ముకుని గేటు దాటి లోపలికి వస్తారు.

కాబట్టి నేను అడిగేవి ఇవి:

1. తీసేసిన యూనిట్‌ను పరీక్ష ఉండే భాగంలోకి తిరిగి తేవాలి. కనీసం 10 క్లాసులు కేటాయించాలి. ప్రశ్న "నిర్వచించుము" అని కాకుండా, ఉంగరం కేసు లాంటి సంగతి ఇచ్చి "నీవు తీర్పరివైతే ఏం చేస్తావు, ఎందుకు?" అని ఉండాలి.

2. గైడు బదులు అసలు రచనల్లోంచి భాగాలు చదివించాలి: 'క్రిటో' మొత్తం, 'ఎథిక్స్' ఐదో పుస్తకంలో సమదృష్టి మీద ఉన్న అధ్యాయం, 'లాస్'లో వైద్యుల భాగం, 'రిపబ్లిక్'లో త్రాసిమాకస్ వాదన. అన్నీ కలిపినా ఒక పార్టిషన్ దావా కట్ట అంత మందం ఉండవు.

3. వీటికి వాడుక తెలుగులో మంచి అనువాదాలు విశ్వవిద్యాలయాలే చేయించి, ఉచితంగా అందుబాటులో పెట్టాలి. తెలుగు మీడియంలో డిగ్రీ చదివి లా కాలేజీకి వచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు.

4. మీ ప్రాక్టికల్ పేపర్లలో ఒక అభ్యాసం చేర్చాలి. ఒక డిక్రీ ఇచ్చి, చదువురాని కక్షిదారుకు 10 నిమిషాల్లో తెలుగులో చెప్పించాలి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇంకా ఏ దారి మిగిలి ఉంది. మార్కులు వేయడానికి ప్రొఫెసర్‌తో పాటు బయటి మనిషి ఒకరిని కూర్చోబెట్టండి. కావాలంటే నేనొస్తాను, టీఏ డీఏ అక్కర్లేదు.

5. నా రెండు ఉత్తరాలకూ జవాబు ఇవ్వాలి. కుదరదంటే కుదరదనే రాయండి, కానీ కారణం రాయండి. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా ఇస్తే చాలు. రాత్రులు కూడా లెక్కలోకే వస్తాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత బెంచ్ క్లర్కు